భయం గురించి 12 బైబిలు వచనాలు కంఠస్థం చేయించాం, రాత్రి భయం మాత్రం పోలేదంటున్నారు. ఎక్కడ తప్పుతున్నాం?

ఆవగింజ:

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మా సంఘంలో గురువారం స్త్రీల కూటానికి 20 మంది దాకా వస్తారు. వాళ్లలో సగం మంది చెప్పే ప్రార్థన మనవి ఒక్కటే, రాత్రి భయం. తెల్లవారుజామున రెండింటికో మూడింటికో మెలకువ వస్తుంది, గుండె దడదడలాడుతుంది, ఇక నిద్ర పట్టదు. భర్తలు గల్ఫ్‌లో ఉండి పిల్లలతో ఒంటరిగా పడుకునేవాళ్లకు ఇది మరీ ఎక్కువ.

రెండు నెలల్లో 12 వచనాలు కంఠస్థం చేయించాం. కాగితాల మీద రాసి గోడలకు అంటించుకున్నారు. ఒకామె ఫోన్‌లో దేవుని కాపుదల గురించిన 91వ కీర్తన పెట్టుకుని రాత్రంతా వింటూ పడుకుంటుంది. ఇన్ని చేసినా, భయం వచ్చేసరికి ఒక్క వచనమూ పనిచేయడం లేదంటున్నారు. "మాకు విశ్వాసం చాలదేమో" అని కుమిలిపోయేవాళ్లూ ఉన్నారు. వచ్చే 4 వారాలు ఇదే అంశం పెట్టుకున్నాం. కూటంలో కూర్చోబెట్టి చేయించదగిన పద్ధతి కావాలి. తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

కవిలెకట్ట:

సిస్టర్, వందనాలు. 12 వచనాలు పక్కన పెట్టి ఒక్కటి తీసుకోండి. నేనైతే కీర్తన 56:3 తీసుకుంటాను. "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." దీన్ని కూటంలో అందరిచేత నెమ్మదిగా చదివించి, "ఇందులో భయం ఉందా, పోయిందా?" అని అడగండి. ఉంది. వచనం మొదలయ్యేదే భయంతో. భయం వేయని రోజు గురించి దావీదు ఇక్కడ మాట్లాడటం లేదు. భయం వేసిన రోజునే, ఆ భయంతోనే, దేవుని దగ్గరికి వెళ్తున్నాడు. "విశ్వాసం చాలదేమో" అని బాధపడేవాళ్లకు ముందు చూపించాల్సింది ఇదే. ఒకే వాక్యంలో భయమూ విశ్వాసమూ పక్కపక్కన కూర్చున్నాయి.

ఆ కీర్తన పైనున్న శీర్షిక కూడా చదివించండి. ఫిలిష్తీయులు గాతులో దావీదును పట్టుకున్నప్పటిది అని ఉంటుంది. ఆ సంగతి 1 సమూయేలు 21లో ఉంది. గాతు, దావీదు కుర్రవాడిగా ఉన్నప్పుడు చంపిన గొల్యాతు ఊరు. దావీదు చేతిలో ఉన్నది గొల్యాతు కత్తే, యాజకుడైన అహీమెలెకు దగ్గర అంతకుముందే తీసుకున్నాడు. గొల్యాతు ఎదుట నిలబడ్డ మనిషే గొల్యాతు ఊళ్లో ఆకీషు రాజుకు "బహు భయపడెను" అని 12వ వచనం చెబుతుంది. ఒకప్పుడు ధైర్యంగా ఉన్నవాళ్లకు ఇప్పుడు భయం వేస్తే వాళ్ల విశ్వాసం అబద్ధమైపోదు.

ఇక పద్ధతి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వచనాన్ని భయం వచ్చినప్పుడే తీస్తారు. అప్పుడు తల పనిచేయదు, సగం మాటలు గుర్తురావు. రోజూ భయం వేళల్లోనే పలుకుతుంటే కొన్నాళ్లకు ఆ వచనం వినగానే భయమే గుర్తొస్తుంది. అందుకని మనసు కుదురుగా ఉన్న పూట నేర్చుకోవాలి. ఉదయం, పొయ్యి మీద పాలు కాగేలోపు, పైకి వినబడేలా 10 సార్లు. మధ్యాహ్నం 3 సార్లు. పడుకునే ముందు 3 సార్లు. ఇలా 7 రోజులు, అదే వచనం. రిఫరెన్సు (కీర్తన 56:3 అనే అంకెలు) కూడా కలిపి చెప్పాలి, అర్ధరాత్రి బైబిలు తెరిస్తే వెతుక్కోకుండా దొరుకుతుంది.

రెండో తప్పు భాష దగ్గర. మన పాత అనువాదం గ్రాంథికంలో ఉంది. "సంభవించు", "ఆశ్రయించుచున్నాను" అని పెదవులు పలుకుతాయి, మనసుకు అందదు. వచనం పుస్తకంలో ఉన్నట్టే ఒకసారి చెప్పాక, ఎవరింటి మాటలో వాళ్లను చెప్పమనండి. "నాకు భయమేసిన రోజున నిన్నే పట్టుకుంటానయ్యా" అని ఒకామె అంటుంది, ఇంకొకామె వేరేగా అంటుంది. ఆ మాటను దిద్దకండి. అది దేవునితో ఆమె మాట.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. "ప్రభువా, నా భయం తీసెయ్" అని ఊరుకుంటే ఆ ప్రార్థన గాలిలో తేలుతుంది. ఫిలిప్పీ 4:6లో పౌలు ప్రార్థన, విజ్ఞాపన, కృతజ్ఞత అని వరుసగా చెప్పి "మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి" అంటాడు. ఆ ఉత్తరం రాసినప్పుడు ఆయన బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నాడు (1:13). విన్నపం అంటే పేరు పెట్టి అడగడం. "శనివారం పదింటికి అమ్మ స్కానింగ్ రిపోర్టు వస్తుంది. అది అందుకునేటప్పుడు నా చేతులు వణక్కుండా చూడు, డాక్టరును ఏం అడగాలో గుర్తుచెయ్" అనేది విన్నపం. దేనికి భయమో చెప్పలేకపోతే అడగడమూ చేతకాదు. కాబట్టి కూటంలో ప్రతి ఒక్కరూ తమ భయాన్ని ఒక్క వాక్యంలో కాగితం మీద రాయాలి. "అన్నీ భయమే" అని రాస్తే ఒప్పుకోకండి, "నిన్న రాత్రి మెలకువ వచ్చినప్పుడు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏది?" అని అడగండి. రాయడం రానివాళ్లు పక్కామెకు చెవిలో చెబితే ఆమె రాసిపెడుతుంది. ఆ కాగితాన్ని కూటంలో పైకి చదివించకూడదు. అప్పులూ ఇంటి గొడవలూ బయటపడితే మళ్లీ వారం ఎవరూ నిజం రాయరు.

కృతజ్ఞత సంగతి ఒక్క మాట. "అన్నిటికీ స్తోత్రం" అని కొట్టిపారేయకుండా, ఆ రోజు నిజంగా జరిగిన ఒక చిన్న మేలు చెప్పించండి. నీళ్లు వచ్చాయి, పిల్లాడి జ్వరం దిగింది, అంతే చాలు.

వార్డుదీపం:

పైన చెప్పినదానికి శరీరం సంగతి కలపాలి. కూటాల్లో ఎక్కువగా వదిలేసేది అదే.

అకస్మాత్తుగా గుండె దడ, ఊపిరి అందకపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం, చచ్చిపోతానేమో అనిపించడం, వీటిని పానిక్ అటాక్ అంటారు. మామూలుగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి తర్వాత దానంతటదే దిగుతుంది. తిమ్మిరి ఎందుకంటే, భయంలో గబగబా ఊపిరి తీయడంవల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అలాంటప్పుడు గట్టిగా, వేగంగా కేకలు పెట్టి ప్రార్థన చేస్తే ఊపిరి ఇంకా చెదిరిపోయి తిమ్మిరి పెరుగుతుంది. "ప్రార్థన చేస్తే ఇంకా ఎక్కువైంది" అని కొందరు బెదిరిపోయేది ఇందుకే. ప్రార్థనలో తప్పు లేదు, ఊపిరి సరిచేసుకోవాలి.

దానికి 23వ కీర్తన 4వ వచనంలోని చిన్న ముక్క చాలు. "నీవు నాకు తోడై యుందువు." ముక్కుతో ఊపిరి తీస్తూ మనసులో "నీ-వు-నా-కు", నాలుగు అక్షరాలు. నోటితో వదులుతూ "తో-డై-యుం-దు-వు", అయిదు అక్షరాలు, తో, డై, యుం మూడింటినీ సాగదీసి. వదిలేది తీసేదానికన్నా పొడుగ్గా ఉండాలి. మంచం మీద కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, 5 నిమిషాలు. పడుకుని చేస్తే చాలామందికి ఛాతీ బిగుసుకున్నట్టు ఉంటుంది, లేచి కూర్చోమనండి. కూటంలో పట్టపగలు అందరిచేత 3 నిమిషాలు చేయించండి, ఒకసారి ఒంటికి తెలిస్తే రాత్రి దొరుకుతుంది. ఆ కీర్తనలో మొదటి మూడు వచనాలు "ఆయన" అని దేవుని గురించి చెబుతాయి. గాఢాంధకారపు లోయ వచ్చేసరికి "నీవు" అని నేరుగా పిలుస్తాడు. ఇది పిల్లలకైనా అర్థమవుతుంది, తప్పకుండా చూపించండి.

రాత్రంతా ఫోన్‌లో కీర్తన వింటున్న సహోదరికి చెప్పండి, పడుకునే ముందు ఒక్కసారి విని ఆపేయమని. శబ్దం నిద్రను తేలిక చేస్తుంది, మధ్యలో వచ్చే ప్రకటనలు లేపేస్తాయి. సాయంత్రం 4 దాటాక టీ, కాఫీ మానడం కూడా చిన్న సంగతి కాదు.

ఇప్పుడు భయం అనుకోకూడనివి. ఛాతీలో నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతూ చెమటలు పడితే వచనం పలుకుతూనే 108కి ఫోన్ చేయాలి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు అర్ధరాత్రి చెమటతో, వణుకుతో లేస్తే ముందు షుగరు చూసుకోవాలి. 70 కన్నా తక్కువుంటే 3 టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇదే దడ, ఇదే నిద్రలేమి, టి.ఎస్.హెచ్. పరీక్ష చేస్తే తెలుస్తుంది. రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, వంట, పిల్లల పని కూడా చేసుకోలేకపోయినా డాక్టరుకు చూపించాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే ఆ రాత్రే 14416కి ఫోన్ చేయించండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యం మాత్రలు వాడుతున్నవాళ్లను "విశ్వాసంతో ఆపేయ్" అని ఎవరూ అనకూడదు. కొన్ని మాత్రలు ఉన్నట్టుండి ఆపితే భయం రెట్టింపై తిరిగొస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

దీనికి వాక్యం అడ్డు చెబుతుందనుకునేవాళ్లుంటే 1 రాజులు 19 చదివించండి. 450 మంది బయలు ప్రవక్తల ఎదుట నిలబడ్డ ఏలీయా, యెజెబెలు రాణి పంపిన ఒక్క కబురుకు పరుగెత్తాడు, బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, తట్టి లేపాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి తినమన్నాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది.

సండేస్కూలు బల్ల:

పిల్లల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. తల్లులు భయపడే ఇళ్లలో పిల్లలకూ చీకటి భయం ఉంటుంది. "అల్లరి చేస్తే యేసయ్య కొడతాడు" అని బెదిరించడం ముందు మానాలి. పగలంతా కొట్టే దేవుడు రాత్రి తోడుంటాడంటే పిల్ల ఎలా నమ్ముతుంది? 1 యోహాను 4:18లో "భయము దండనతో కూడినది" అని రాసింది ఇదే. పరిపూర్ణ ప్రేమే భయాన్ని వెళ్లగొడుతుందని ఆ వచనమే చెబుతోంది.

ఆరేళ్ల లోపు పిల్లలకు వచనంలో "నీవు నాకు తోడై యుందువు" చాలు. దీపం ఒక్కసారిగా ఆర్పకండి. మొదటి 3 రాత్రులు చిన్న దీపం, అమ్మ మంచం పక్కన. తర్వాత 3 రాత్రులు అమ్మ గుమ్మం దగ్గర. ఆ తర్వాత దీపం పక్క గదిలో, తలుపు తెరిచి. మధ్యలో ఒక రాత్రి ఏడిస్తే ఒక మెట్టు వెనక్కి, మొత్తం మొదటికి కాదు.

ఆవగింజ:

మీ ముగ్గురికీ ఎంతో వందనాలు. ఊపిరి సంగతి రేపే చేయిస్తాను. ఇంకో రెండు అడగాలి. కొందరు గుమ్మం మీద 91వ కీర్తన కాగితం, తలగడ కింద బైబిలు పెట్టుకుంటారు, అవి తీయమంటే కోపం వస్తుందేమో. ఇద్దరు ముగ్గురేమో "ఎవరో చేతబడి చేయించారు" అని గట్టిగా నమ్ముతున్నారు. వీళ్లతో ఎలా మాట్లాడాలి? పోయిన డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు, అంటే కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి ఇచ్చే వచనపు చీటీ, తీస్తే యిర్మీయా 29:11 (దేవుని ఉద్దేశాలు మేలుకే గాని హానికి కావనే వచనం) వచ్చిన ఒకామె, అప్పు తీరలేదని ఇంకా క్రుంగిపోయింది.

కవిలెకట్ట:

బైబిలు తలగడ కింద పెట్టుకోవడం తప్పని తీయించకండి. దాన్ని తెరిపించండి. "పడుకునే ముందు 91లో రెండు వచనాలు చదివి పెట్టుకోమ్మా" అనండి. తాయెత్తుకూ వాక్యానికీ తేడా అక్కడే మొదలవుతుంది. తర్వాత ఎప్పుడైనా మత్తయి 4:6 చూపించండి. 91వ కీర్తనను యేసుకు ఎత్తి చెప్పింది సాతాను. దేవాలయ శిఖరం మీదినుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అన్నాడు. యేసు దూకలేదు, "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు. కీర్తన నిజమే, దాన్ని కాపలా యంత్రంగా వాడటమే తప్పు. రాత్రి తలుపు గడియ పెట్టుకోవడం, పక్కింటివాళ్ల నంబరు దగ్గర ఉంచుకోవడం అవిశ్వాసం కాదు. నెహెమ్యా 4:9 చూడండి, ప్రార్థనా చేశారు, రాత్రింబగళ్లు కావలీ పెట్టారు.

చేతబడి విషయంలో "ఎవరు చేశారు?" అన్న ప్రశ్నకు కూటంలో చోటివ్వకండి. మన ప్రాంతాల్లో ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన సంగతులు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. పేరు బయటికొస్తే అక్కడే ఆపండి. కొలొస్సయులకు 2:15 చదవండి, ప్రధానులనూ అధికారులనూ, అంటే దుష్టశక్తులను, క్రీస్తు సిలువలో ఓడించాడని ఉంది. ఆ తర్వాత పైన చెప్పిన పనులే, కాగితం మీద భయం రాయడం, ఊపిరి, విన్నపం, అవసరమైతే డాక్టరు. నూనె రాసి ప్రార్థించాలనుకుంటే యాకోబు 5:14 ప్రకారం సంఘపెద్దలు రావాలి, దానికి డబ్బు తీసుకునేవాళ్లను ఇంట్లోకి రానివ్వకండి.

కార్డు వచ్చిన సహోదరితో ఒంటరిగా కూర్చోండి. యిర్మీయా 29లో 11 ఒక్కటే కాకుండా 4 నుంచి 11 దాకా కలిసి చదవండి. అది బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు రాసిన ఉత్తరం. 10లో 70 సంవత్సరాలు అని ఉంది. 5లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని ఉంది. ఈ ఏడాదే అప్పు తీరుతుందని దేవుడు ఆమెకు మాటిచ్చి తప్పలేదు. ఇది తెలిస్తే దేవుని మీద కలిగిన అనుమానం తగ్గుతుంది. అప్పు భయం అలాగే ఉంటుంది, దానికి లెక్క రాయాలి. ఎవరికెంత, వడ్డీ ఎంత, ఈ నెల ఎంత కట్టగలదు. మత్తయి 6:34 రేపటి చింత వద్దంటుంది, "ఏనాటి కీడు ఆనాటికి చాలును" అని కూడా అంటుంది. ఈనాటి కీడుకు ఈనాటి పని ఉంటుంది.

వార్డుదీపం:

ఇంకొకటి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో యేసు ముగ్గురు శిష్యులను వెంట తీసుకెళ్లి "నాతోకూడ మెలకువగా నుండుడి" అన్నాడు. కూటంలో ఇద్దరిద్దరిని జంట చేయండి. రాత్రి భయం వేస్తే జంటామెకు వాట్సాప్‌లో ఒక్క మాట, "56:3". ఫోన్ చేయనక్కర్లేదు, జవాబు రాకపోయినా పర్వాలేదు, పొద్దున్న ఆమె చూస్తుంది, ఆ పేరు చెప్పి ప్రార్థిస్తుంది. ఇది లేకపోతే అర్ధరాత్రి ఫోన్లన్నీ పాస్టరమ్మగారికే వెళ్తాయి, ఆమె ఎన్నాళ్లు మోయగలదు?

కవిలెకట్ట:

జంటలు మంచి ఆలోచన. 4 వారాలకు నా లెక్క ఇది. మొదటి వారం 56:3, కాగితం మీద భయం రాయడం. రెండోవారం 23:4, ఊపిరి, ఏలీయా, వార్డుదీపం గారు చెప్పిన ప్రమాద సూచనలు. మూడోవారం ఫిలిప్పీ 4:6, జంటలు. నాలుగోవారం కొత్త వచనం వద్దు. మొదటి వారం కాగితాలు తీసి ఎవరిది వాళ్లు చూసుకోవాలి, ఆ భయం ఇప్పుడూ అలాగే ఉందా, మారిందా అని.

మారలేదన్నవాళ్లుంటారు. వాళ్లచేత "సాక్ష్యం" చెప్పించే తొందర వద్దు. 42వ కీర్తన తెరవండి. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అన్న మాట 42:5లో ఉంది, 42:11లో మళ్లీ ఉంది, 43:5లో మూడోసారి ఉంది. రాసినవాడికీ ఒక్కసారి చెబితే సరిపోలేదు. గెత్సేమనేలో యేసు కూడా "ఆ మాటలే" చెబుతూ మూడోసారి ప్రార్థించాడు (మత్తయి 26:44). అయిదోవారం వాళ్లకు మళ్లీ 56:3 దగ్గరే మొదలుపెట్టండి. ఈసారి 8వ వచనం దాకా చదవండి, "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి" అన్నచోటి దాకా.

ఆవగింజ:

నాలుగు వారాలూ ఇలాగే చేస్తాను. కాగితాలు, పెన్నులు ఇప్పుడే తీసి పెట్టాను. రాయడం రానివాళ్లు ఆరుగురు ఉన్నారు, వాళ్ల పక్కన ఎవరు కూర్చోవాలో కూడా అనుకున్నాను. మూడో వారం అయ్యాక వచ్చి ఎలా జరుగుతోందో ఇక్కడే రాస్తాను.